ఎనిమిది నెలల పాపతో గ్రంథాలయానికి వెళితే తిప్పి పంపారు

అలిపిరి_అమ్మ
పాపకు ఎనిమిది నెలలు. మొన్న ఆదివారం పొద్దున మా ఇంటికి దగ్గరలో ఉన్న గ్రంథాలయానికి ఎత్తుకుని వెళ్లాను. తిరుపతిలోనే, ఏదో మాత్రం చెప్పను. పిల్లల అరలో పెద్ద బొమ్మలున్న పుస్తకం ఒకటి దొరికితే అక్కడే ఒక మూల కూర్చుని పావుగంట చూపించి వచ్చేద్దామని ఆశ. పాప ఏడవలేదు. తిరుగుతున్న ఫ్యానును చూసి ఒకసారి గట్టిగా "ఊ" అంది, అంతే. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న నలభై తలలు ఒక్కసారిగా మా వైపు తిరిగాయి. బల్ల దగ్గర కూర్చున్నాయన లేచి వచ్చి "చంటిపిల్లతో ఇక్కడికెందుకమ్మా, అక్షరాలు వచ్చాక తీసుకురండి" అన్నారు. మర్యాదగానే అన్నారు. అదే ఇబ్బంది, పోట్లాడటానికి కూడా వీలు లేకపోయింది.

ఇంటికి వచ్చి చెబితే మా అత్తమ్మ "పళ్లు రాని పిల్లకు గుగ్గిళ్లు పెట్టినట్టుంది నీ పని" అని నవ్వారు.

చంటిపిల్లల తల్లిదండ్రుల కోసం గ్రంథాలయంలో వారానికి ఒక అరగంట ఇచ్చే ఏర్పాటు మన వైపు ఎక్కడైనా ఉందా? లేకపోతే అడగడం అత్యాశా? అసలు ఇంత చిన్నవాళ్లకు చదివి వినిపిస్తే ఉపయోగం ఉందా, నేనే ఫోనులో అవీ ఇవీ చూసి ఆవేశపడుతున్నానా? మా ఆయన ఏ పక్షమూ మాట్లాడటం లేదు.

బైరాగిపట్టెడ_బాబాయి
నలభై తలలంటే నలుగురు రావణాసురులు. పాప ధైర్యానికి మెచ్చుకోవాలి. మీ ఆయన తెలివికి కూడా.

గ్రూప్2_యాత్రికుడు
ఆ నలభై తలల్లో నాదీ ఒకటి కావచ్చు. కాబట్టి మా వైపు మాట కూడా వినండి.

మాది పుత్తూరు దగ్గర పల్లె. ఇక్కడ ఒక గదిలో ముగ్గురం అద్దెకు ఉంటున్నాం. ఒకడు రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటాడు, దీపం వేయనివ్వడు. ఆ హాలు తప్ప నాకు చదువుకునే చోటు లేదు. ఎనిమిదికి తలుపు తీస్తారంటే ఏడున్నరకే మా సంచులు మెట్ల మీద వరుసలో ఉంటాయి. ఫ్యాను కింద కుర్చీ దొరికిన రోజు పండగ. పదకొండుకు మూసేస్తారు, మళ్లీ సాయంత్రం నాలుగుకు. ఆ మూడు గంటల్లో ఒక పాప వచ్చి "ఊ" అంటే ముద్దుగానే ఉంటుంది. పదిమంది వచ్చి "ఊ" అంటే? మీ పాపకు ఇంకా పద్దెనిమిదేళ్ల సమయం ఉంది. నాకు వయోపరిమితికి రెండేళ్లే ఉంది.

కొర్లగుంట_కోడలు
పైన చెప్పిన తమ్ముడి బాధ అర్థమైంది గానీ, గ్రంథాలయం అంటే స్టడీ హాలు ఒక్కటే అని ఎప్పుడు తీర్మానం చేశారు? మా అమ్మ పెళ్లికి ముందు వారపత్రికల కోసం వెళ్లేది. ఇప్పుడు ఆడవాళ్లు ఎవరైనా వెళితే "ఏ పరీక్షకమ్మా" అని అడుగుతున్నారు. ఊరికే చదవడానికి వచ్చానంటే నమ్మరు.

లెక్కల_మాస్టారు
ఉపయోగం ఉందా అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. మా అమ్మకు సంతకం తప్ప రాదు. నాకు ఎవరూ పుస్తకం చదివి వినిపించలేదు. ఇరవై ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఎనిమిది నెలల పిల్లకు పుస్తకం, ఏడాదికి కంప్యూటర్, రెండేళ్లకు ఐఐటీ ఫౌండేషన్. ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో నాకు తెలుసు, ఆ ఫౌండేషన్ పిల్లలు చివరికి నా దగ్గరికే ఏడుస్తూ వస్తారు.

చిత్తూరు_టు_బర్మింగ్‌హామ్
గ్రీమ్స్‌పేటలో పుట్టి ఇంగ్లండులో ఉంటున్నదాన్ని. దీని గురించి రాయకుండా ఉండలేను, కాస్త పొడుగవుతుంది.

నేనున్న ఈ బర్మింగ్‌హామ్‌లోనే ఇలాంటి పథకం ఒకటి మొదలైంది. 1992లో ఇక్కడి గ్రంథాలయాలు, ఆరోగ్య శాఖ, బుక్‌ట్రస్ట్ అనే సంస్థ కలిసి 300 కుటుంబాలకు ఒక్కో సంచి ఇచ్చాయి. బిడ్డకు బొమ్మల పుస్తకం, తల్లికి నాలుగు సలహాల కాగితం, గ్రంథాలయంలో చేరమని పిలుపు. దాని పేరు బుక్‌స్టార్ట్. తర్వాత దేశమంతా పాకింది. 2001లో జపాన్ వాళ్లు అదే పేరుతో మొదలుపెట్టారు. బిడ్డను ఆరోగ్య పరీక్షకు తెచ్చినప్పుడు అక్కడే ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక పుస్తకం చదివి చూపించి, ఆ పుస్తకం చేతికిచ్చి పంపుతారు.

మా బాబు పుట్టినప్పుడు మాకూ సంచి వచ్చింది. అప్పుడు నాకు ఇక్కడ ఎవరూ తెలియదు. చలికాలం, నాలుగుకే చీకటి. బిడ్డతో రోజంతా ఒక్క మాట మాట్లాడేవాళ్లు లేక గోడలతో మాట్లాడేదాన్ని. గ్రంథాలయంలో వారానికి ఒకరోజు అరగంట, బిడ్డలతో కూర్చునే చోటు ఉందని ఆ కాగితంలో చూసి వెళ్లాను. మాస్టారూ, అక్కడ ఐఐటీ లేదు. చదవడం కంటే పాటలే ఎక్కువ. చాప మీద గుండ్రంగా కూర్చుంటారు, చప్పట్లు కొడతారు, ఒక పుస్తకం చదువుతారు, అయిపోతుంది. సగం పిల్లలు నిద్రపోతారు. ఒకరోజు నన్ను మీ భాషలో ఏదైనా పాడమన్నారు. చప్పట్లు కొట్టించి తారంగం ఆడించాను. మరుసటి వారం సోమాలియా ఆవిడ, పోలండు ఆవిడ కూడా "తారంగం" అంటూ చేతులు తిప్పారు. ఇంటికి వచ్చి ఏడ్చాను, ఎందుకో తెలియదు.

బాబుకు ఎన్ని మాటలు వచ్చాయో నాకు లెక్క లేదు. నాకు మాత్రం నలుగురు మనుషులు దొరికారు.

బైరాగిపట్టెడ_బాబాయి
చివరి వాక్యం దగ్గర జోకు వేద్దామనుకుని ఆగిపోయాను.

మంగళం_మోహన
నాకు వాట్సాప్‌లో వచ్చింది. చదివి వినిపించే ఇంట్లో పిల్లలు మూడేళ్లకు మూడు కోట్ల మాటలు ఎక్కువ వింటారట. ఆ లెక్క చూశాక నాకు నిద్ర పట్టలేదు. మా వాడికి రెండేళ్లు దాటాయి. ఇప్పటికి ఎన్ని లక్షలు పోగొట్టుకున్నట్టు?

లెక్కల_మాస్టారు
ఇది నా సబ్జెక్టు. ఆ మూడు కోట్ల లెక్క 1995లో హార్ట్, రిస్లీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ప్రకటించింది. వాళ్లు గమనించింది 42 కుటుంబాలను. నెలకు ఒక గంట చొప్పున రికార్డు చేసి, దాన్ని పిల్లల మొదటి కొన్నేళ్ల మీదికి హెచ్చవేశారు. పేద ఇళ్లకూ బాగా చదువుకున్న ఇళ్లకూ మధ్య తేడా అది, పుస్తకం ఉన్న ఇల్లూ లేని ఇల్లూ అని కాదు. పైగా ఇంట్లో తాతా నాయనమ్మా పక్కింటివాళ్లూ మాట్లాడేవి ఆ లెక్కలోకి రాలేదని తర్వాతి పరిశోధకులు తప్పుపట్టారు. మన ఉమ్మడి ఇంట్లో ఆ టేపు పెడితే యంత్రమే కాలిపోతుంది. నిద్రపోండి అమ్మా, మీ వాడు ఏమీ పోగొట్టుకోలేదు.

టీకాల_అక్క
పిల్లల వార్డులోనూ, టీకాల దగ్గరా కలిపి పదహారేళ్లుగా నర్సును. మాస్టారు ఆ అంకె గురించి చెప్పింది సరే. కానీ అంకె తప్పయితే పని తప్పు కాదు.

అలిపిరి_అమ్మ గారూ, మీ పాపకు వినికిడి కడుపులో ఉండగానే మొదలైంది. పుట్టిన రోజుకే మీ గొంతు గుర్తుపట్టింది. కొత్తగా పుట్టినప్పుడు ఒక జానెడు దూరంలో ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుంది, అంటే పాలిస్తున్న తల్లి ముఖం. ఇప్పుడు ఎనిమిది నెలల్లో పుస్తకం ఇస్తే ఏం చేస్తుంది? నోట్లో పెట్టుకుంటుంది. అది ఆ వయసు చదువు. ఏడాది దగ్గర పడుతుంటే బొమ్మ మీద అరచేత్తో కొడుతుంది, మందపాటి అట్టను తిప్పుతుంది. ఆ తర్వాత వేలితో చూపించి మీ ముఖం చూస్తుంది. ఆ చూపే అసలు సంగతి. "నేను చూసింది నువ్వూ చూశావా" అని అడగడం అది. మాటలు దాని వెనకాల వస్తాయి.

అమెరికాలో బోస్టన్‌లో 1989లో కొందరు పిల్లల డాక్టర్లు ఈ పని తమ గదిలోనే మొదలుపెట్టారు. పరీక్షకు వచ్చిన ప్రతి బిడ్డకూ ఒక పుస్తకం. రీచ్ అవుట్ అండ్ రీడ్ అని పేరు. 2014లో అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం పసితనం నుంచే చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పండని తన సభ్యులకు సూచించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఏడాది లోపు బిడ్డలకు ఫోను, టీవీ తెర అసలు వద్దంది, బిడ్డ కదలకుండా కూర్చున్న సమయంలో పెద్దవాళ్లు కథ చెప్పడం, చదవడం మంచిదంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2024లో మూడేళ్లలోపు పిల్లల కోసం నవచేతన అని ఒక ప్రణాళిక ఇచ్చింది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో అన్నం పెట్టేటప్పుడు ఫోను ఆన్ చేయని ఇల్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను తిట్టను. తిడితే మళ్లీ టీకాకు రారు.

లెక్కల_మాస్టారు
చదివి వినిపించే ఇళ్లలో డబ్బు, తీరిక, చదువు కూడా ఉంటాయి కదా. ఏది దేనికి కారణమో ఎలా తేలుస్తారు?

టీకాల_అక్క
అందుకే తేడా తగ్గించాలంటే పుస్తకం లేని ఇంటికి పుస్తకం చేర్చాలి మాస్టారూ. నష్టం ఏమిటో చెప్పండి, ఆపేస్తాను.

లెక్కల_మాస్టారు
నష్టం కనిపించడం లేదు. వెతుకుతున్నాను.

చెనిక్కాయ_బెల్లం
పుస్తకం లేని ఇల్లు సరే, చదవడం రాని ఇంటి సంగతి నేను చెబుతాను. మా అత్తమ్మకు అక్షరం రాదు. చిత్తూరు పక్కన పల్లె. నేను ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి మా వాడికి పుస్తకం చదివితే అక్షరం పొల్లుపోకుండా చదివి మూసేస్తాను, వాడు మధ్యలోనే లేచిపోతాడు. ఆవిడ అదే పుస్తకం తలకిందులుగా పట్టుకుని బొమ్మలు చూసి రోజుకొక కథ చెబుతుంది. ఒకరోజు ఆ ఎలుక పెళ్లికి పోతుంది, ఒకరోజు ఆ ఎలుక మా మేనమామ. మధ్యలో "మరి ఇప్పుడు ఏం చేస్తుందిరా ఇది" అని వాడినే అడుగుతుంది. వాడు చెప్పిన దిక్కుకే కథ తిప్పుతుంది. గంటయినా కదలడు. ఎవరు బాగా చదువుతారు అంటే "అవ్వ" అంటాడు. నాకు డిగ్రీ ఉంది.

టీకాల_అక్క
మీ అత్తమ్మ చేస్తున్నదానికి 1988లో వైట్‌హర్స్ట్ అనే ఆయన పేరు పెట్టి పరిశోధన పత్రం రాశారు. చదివేవాళ్లు అడగడం, బిడ్డ చెప్పడం, దాన్ని అందుకుని మరో మాట కలపడం. రెండు మూడేళ్ల పిల్లల మీద చేసి చూస్తే ఆ ఇళ్లలోని పిల్లలు ఎక్కువ మాట్లాడారు. ఆవిడకు రాయల్టీ రావాలి.

కట్టమంచి_కాఫీ
ఇక్కడే నాకొక చిక్కు. బజారులో కొన్న తెలుగు బొమ్మల పుస్తకంలో "గేదె" అని ఉంది. మా అమ్మ ఎనుము అంటుంది. "కొబ్బరికాయ" అని ఉంది, మా ఇంట్లో అది టెంకాయ. "వేరుశనగ" బొమ్మ చూపించి నేను వేరుశనగ అంటే మా నాన్న "చెనిక్కాయ అని చెప్పరా బిడ్డకు" అని కోప్పడతారు. ఏది చదవాలి?

చెనిక్కాయ_బెల్లం
నా పేరు చూసి అడుగుతున్నారా?

కొర్లగుంట_కోడలు
ఎనుము అనే చదవండి. గేదె బడికి వెళ్లాక దానంతట అదే వస్తుంది.

కట్టమంచి_కాఫీ
పుస్తకంలో లేనిది చదివితే రేపు అక్షరాలు నేర్చుకున్నాక వాడే నన్ను పట్టుకుంటాడు.

నగరి_నేతమ్మ
మా ఇంట్లో ఇంకొకటి. నేను తమిళం, ఆయన తెలుగు. ఒకే ఏనుగు బొమ్మకు నేను యానై అంటాను, ఆయన ఏనుగు అంటారు, బడిలో ఎలిఫెంట్ అంటారు. మా అమ్మాయి పదిహేను నెలలకు దానికి "యాను" అని తానే పేరు పెట్టింది. అందరం ఇప్పుడు యాను అంటున్నాం. రెండు భాషలతో బిడ్డ తికమకపడుతుందని అందరూ భయపెట్టారు.

టీకాల_అక్క
పడదు. మన సరిహద్దు ఊళ్లలో ఎన్ని తరాలుగా రెండు భాషల్లో పెరుగుతున్నారో చూడండి. మీకు ఏ భాషలో లాలి పాట వస్తుందో ఆ భాషలోనే పుస్తకం కూడా చూపించండి. రాని ఇంగ్లీషులో కష్టపడి చదవవద్దు, బిడ్డకు మీ కష్టమే వినిపిస్తుంది.

పాత_రిజిస్టరు
ముప్పై ఒక్క సంవత్సరాలు గ్రంథాలయాల్లో పనిచేసి విరమించాను. బల్ల దగ్గర లేచి వచ్చినాయన స్థానంలో నేనూ ఉండి ఉంటాను, అందుకే ఆయన్ను తిట్టలేను.

ముందు ఆయన పరిస్థితి. చాలా శాఖల్లో ఒక్కడే మనిషి. తలుపు తీయడం, పత్రికలు సర్దడం, పుస్తకాలు ఇవ్వడం, ఫ్యాను చెడిపోతే మనిషిని పిలవడం అంతా అతనే. హాలులో గొడవ అయితే పైనుంచి మాట పడేది అతనికే. శుక్రవారం ఒక్కటే సెలవు.

ఇప్పుడు మీ హక్కు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఉంది. రసీదు తీసి చూడండి. అద్దెకు ఉంటే మీ అద్దెలో మీ ఇంటి యజమాని దాన్ని ఎలాగూ కలిపే ఉంటాడు. అక్షరాలు వచ్చినవాళ్ల నుంచి మాత్రమే వసూలు చేయమని అందులో లేదు. 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు చెప్పిన అయిదు సూత్రాల్లో రెండోది, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. పుస్తకం నమిలేవాడు పాఠకుడా కాదా అని నేను ఉద్యోగంలో ఉండగా ఎవరూ అడగలేదు, అడిగి ఉంటే బాగుండేది.

మన గ్రంథాలయాలు ఇలా కుర్చీలకు అతుక్కుపోయినవి కావు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా పెదవడ్లపూడి దగ్గర కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. రేవు దగ్గర పడవ ఆగితే జనం వచ్చి తీసుకునేవారు. పడవలో తిప్పగలిగినవాళ్లం వరండాలో చాప వేయలేమా?

అర్జీ రాయండి. హాలు అడగవద్దు, ఆ యాత్రికుడు తమ్ముడి కుర్చీ జోలికి పోవద్దు. వరండా, చాప, వారానికి అరగంట, ఒక పెట్టెడు పుస్తకాలు, అంతే. మొదటి వాక్యంలోనే ఖర్చు ఏమీ లేదని రాయండి. రెండో వాక్యంలో పుస్తకాలు పోతే, చిరిగితే మీరే బాధ్యులని రాయండి, ఎందుకంటే పుస్తకం పోతే లెక్క చెప్పాల్సింది అక్కడి ఉద్యోగి, ఆ భయంతోనే మంచి పుస్తకాలు బీరువాలో తాళం కింద ఉంటాయి. నకలు ఒకటి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి పంపండి. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, బాలల దినోత్సవంతో మొదలవుతాయి. ఏటా వ్యాసరచన, వక్తృత్వం తప్ప వేరే ఆలోచన తట్టక తల పట్టుకుంటాం. ఆ ముందు నెలలో మీ అర్జీ వస్తే సంతోషంగా తీసుకుంటారు.

గ్రూప్2_యాత్రికుడు
వరండా అయితే నాకు అభ్యంతరం లేదు. కిటికీ పక్క వద్దు, ఆ వైపు నా కుర్చీ. 1960 చట్టం, 8 పైసలు రాసిపెట్టుకున్నాను, పరీక్షలో వస్తే మీ పేరు చెప్పుకుంటాను సార్.

పాత_రిజిస్టరు
పాతూరి వారి పడవ కూడా రాసిపెట్టుకో నాయనా.

కొర్లగుంట_కోడలు
పుస్తకాలు ఎక్కడ కొనాలి? మందపాటి అట్టవి చూస్తే ఒక్కొక్కటి మూడు వందలు, నాలుగు వందలు, అన్నీ ఇంగ్లీషు. పది పుటలకు నాలుగు వందలు పెట్టి మా వాడికి నమలడానికి ఇవ్వలేను.

పాత_రిజిస్టరు
నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు తెలుగులో ఉన్నాయి, చవక. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లు పిల్లల కోసమే పనిచేస్తారు. చెన్నైలోని తూలిక వాళ్లవి తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే ఉండేవి దొరుకుతాయి, నగరి అమ్మ గారి ఇంటికి తమిళంలో కూడా. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితం. దించుకుని ముద్రించుకోవచ్చు, మొదటి స్థాయి పుస్తకాల్లో పుటకు ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. నాలుగు కథలు ముద్రించి, అట్టలకు అంటించి, పైన ప్లాస్టిక్ కవరు వేయించండి.

నగరి_నేతమ్మ
నేను గుడ్డతో కుట్టాను. పాత నూలు చీర ముక్కలు నాలుగు పొరలు, మీద రంగు గుడ్డతో కత్తిరించిన చేప, ఆకు, చందమామ, మా ఇంటి మగ్గం. ఉతకవచ్చు. చొల్లు పడితే పడనీ. చందమామను నమిలి నమిలి అమావాస్య చేసేసింది, మళ్లీ కుట్టాను.

బైరాగిపట్టెడ_బాబాయి
మా మనవరాలు నిరుడు కొత్త పంచాంగంలో ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా తినేసింది. ఆ తొమ్మిది రోజులూ మా ఇంట్లో తిథి లేదు, వారం లేదు.

కట్టమంచి_కాఫీ
కాగితం తింటే ఏమన్నా అవుతుందా అక్కా?

టీకాల_అక్క
చిన్న ముక్క మింగితే మామూలుగా బయటికి పోతుంది, గొంతుకు అడ్డం పడేంత ముక్క చింపనివ్వవద్దు. పిన్నులు ఉన్న పుస్తకం మాత్రం చంటివాళ్ల చేతికి అసలు ఇవ్వకండి. దారంతో కుట్టినవి ఇవ్వండి.

మంగళం_మోహన
మా వాడు ఒకే పుస్తకం. రోజుకు పదిసార్లు. వేరేది తీస్తే విసిరేస్తాడు. నాకు ఆ కోతి కథ కలలోకి వస్తోంది.

చెనిక్కాయ_బెల్లం
ఏడు చేపల కథ మీరు చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగారో మీ అమ్మను అడగండి. ఎండని చేప దగ్గర మొదలుపెట్టి చీమ దాకా వెళ్లాక మళ్లీ మొదటికి రమ్మని ఏడవలేదా? తర్వాత వచ్చేది ముందే తెలిసి ఉండటం వాళ్లకు పెద్ద సంబరం. మనకు సీరియల్.

లెక్కల_మాస్టారు
నష్టం కోసం ఇంకా వెతుకుతున్నాను. ఒకటి దొరికింది. తండ్రులు ఎక్కడ? ఇంత చర్చలో చదివేది తల్లి, అవ్వ, అత్త, నర్సు. దీన్ని కూడా ఆడవాళ్ల పనుల జాబితాలో ఇంకొకటిగా చేర్చేస్తున్నారు.

కట్టమంచి_కాఫీ
నేను తండ్రినే మాస్టారూ. ఎనుము దగ్గర ఆగిపోయాను.

అలిపిరి_అమ్మ
మూడు వారాలు మాయమయ్యాను, మన్నించండి. పాపకు తొమ్మిదో నెల టీకా వేసిన రాత్రి జ్వరం, ఆ తర్వాత నాకు.

అర్జీ ఇచ్చాను. పాత_రిజిస్టరు గారు చెప్పినట్టు మొదటి వాక్యం ఖర్చు లేదని, రెండో వాక్యం బాధ్యత మాది అని. బల్ల దగ్గరి ఆయన రెండుసార్లు చదివి "వరండా అయితే కాగితం ఎందుకమ్మా, ఆదివారం పదింటికి రండి" అన్నారు. కార్యదర్శి గారి నుంచి జవాబు ఇంకా రాలేదు. నిన్ననే మొదటి ఆదివారం.

తొమ్మిది మంది వస్తామన్నారు, నలుగురం వచ్చాం. అందులో ఒక తండ్రి, మాస్టారు గమనించాలి. చాప మా ఇంటిదే. పుస్తకాలు ఆరు, మూడు ముద్రించి అట్టలకు అంటించినవి, రెండు గ్రంథాలయం బీరువాలోవి (ఆయనే తాళం తీసి ఇచ్చారు, కళ్లు మాత్రం వాటి మీదే ఉంచారు), ఒకటి నేను గుడ్డతో కుట్టింది, నగరి అమ్మ గారిది చూసి. నా చందమామ దోసెలా వచ్చింది.

ఒక బాబు వస్తూనే నిద్రపోయాడు, లేవలేదు. మా పాప మొదటి పది నిమిషాలు చాప అంచు పీకింది. నేను చదవడం మొదలుపెట్టాక నా గొంతు నాకే వింతగా వినిపించి ఆపేశాను. దినపత్రిక కోసం వచ్చే తాతగారు ఒకాయన ఆ పక్కనే నిలబడి చూస్తున్నారు. "అట్లా వార్తలు చదివినట్టు చదివితే ఎవరు వింటారమ్మా" అని పుస్తకం తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, కప్పకు ఒక గొంతు, కొంగకు ఒక గొంతు పెట్టి చదివారు. మా పాప చాప వదిలేసి ఆయన మోకాలు పట్టుకుని లేచి నిలబడింది. ఇంతవరకు పట్టుకుని కూడా నిలబడలేదు. ఆ తర్వాత పుస్తకం మూల నోట్లో పెట్టుకుంది, అది వేరే విషయం.

అత్తమ్మ రాలేదు. "ఆ తాత ఎవరు, ఏ కథ చెప్పాడు" అని మాత్రం మూడుసార్లు అడిగారు.

చిత్తూరు_టు_బర్మింగ్‌హామ్
నలుగురు చాలు. మేమూ మొదట అయిదుగురమే. చివర్లో టీ పెట్టగలిగితే పెట్టండి, రెండోసారి రావడానికి కారణం అదే అవుతుంది.

టీకాల_అక్క
వచ్చే టీకాల రోజు మా దగ్గర గోడ మీద అంటిస్తాను. ఆదివారం, పదింటికి, వరండా అని చిన్న కాగితం రాసి పంపండి.

చెనిక్కాయ_బెల్లం
అసలు సంగతి దాచేశారు. ఎనుమా, గేదెనా?

అలిపిరి_అమ్మ
పుస్తకంలో గేదె. నేను గేదె అనే చదివాను. తాతగారు ఎనుము అని సరిదిద్దారు. వచ్చిన ఆ తండ్రి ముఖం వెలిగిపోయింది, ఆయన ఎవరో ఇప్పుడు నాకు అనుమానంగా ఉంది. ఇద్దరూ వాదించుకుంటుండగా గేటు దగ్గరికి ఆవు ఒకటి వచ్చి అరటి తొక్కల కోసం నిలబడింది. పధ్నాలుగు నెలల బాబు దాన్ని వేలితో చూపించి "అంబా" అని కేక పెట్టాడు. అది చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు, నిద్రపోతున్న వాడు తప్ప.

కట్టమంచి_కాఫీ
చిత్తూరు నుంచి పొద్దున ఏడు గంటల బస్సుకు వచ్చాను. తాతగారికి నా నమస్కారాలు చెప్పండి.

గ్రూప్2_యాత్రికుడు
ఆ "అంబా" లోపలికి వినిపించింది. నలభై తలలూ తిరిగాయి. ఈసారి ఇద్దరు నవ్వారు, అందులో ఒకడు ఏడాదిగా నవ్వడం నేను చూడలేదు. కానీ చాప కిటికీ పక్కనే వేశారు. వచ్చే వారం దయచేసి గేటు వైపు జరపండి, ఆవుకు కూడా దగ్గరవుతుంది.